పాట ముందు, తాళం వెనుక: సిడ్ బారెట్ ‘ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్’

సిడ్ బారెట్ తొలి సోలో ఆల్బమ్ ‘ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్’ వినడానికి కూర్చునేవారిలో ఎక్కువమంది పాటల కంటే ముందు పాటగాడి కథ విని ఉంటారు. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌కు పేరు పెట్టి, పాటలు రాసి, ముందు నిలబడి పాడిన యువకుడు ఎల్‌ఎస్‌డి వాడకం వల్లనో, మనసు కుదురు తప్పడం వల్లనో ఇరవై రెండేళ్ల వయసుకే తన బృందానికి దూరం కావడం, ఆ తరువాత ఒంటరిగా రెండు రికార్డులు చేసి సంగీతలోకం నుంచి తప్పుకోవడం ఎవరినైనా కదిలించే కథే. అయితే ఆ కథను మనసులో పెట్టుకొని వింటే, ఈ రికార్డులోని ప్రతి తడబాటూ రోగలక్షణంలాగా, ప్రతి విరామమూ విషాదంలాగా తోస్తుంది. పాట ఎలా కట్టారన్నది చెవికి ఆనదు. నా అభిప్రాయంలో ఈ ఆల్బమ్‌లో రెండు వేర్వేరు రకాల క్రమరాహిత్యాలు ఉన్నాయి. ఒకటి బారెట్ రచనా పద్ధతిలోనే ఉన్నది, అతని కళలో భాగమైనది. రెండవది రికార్డింగ్ గదిలో జరిగిన ఇబ్బందిని కత్తిరించకుండా శ్రోతల ముందు ఉంచాలని ఇతరులు తీసుకున్న నిర్ణయం. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి మొత్తాన్ని ‘పిచ్చి మేధావి’ సృష్టిగా కొలిచేవారూ, అదే కారణంతో మొత్తాన్ని తోసిపుచ్చేవారూ పాటలకు సమానంగా అన్యాయం చేస్తున్నారు.

పూర్వరంగం క్లుప్తంగా చెప్పుకోవాలి. 1946 జనవరి 6న కేంబ్రిడ్జ్‌లో పుట్టిన రోజర్ కీత్ బారెట్ చిత్రకళ చదువుకోవడానికి లండన్ వచ్చాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి బృందానికి నామకరణం చేసింది అతడే. 1967లో వచ్చిన ‘ఆర్నాల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’ సింగిల్స్‌తో పాటు, ఆ ఆగస్టులో వచ్చిన ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’ ఆల్బమ్‌లోని పాటలు దాదాపు అన్నీ అతడు రాసినవే. ఆ ఏడాది చివరికి వేదిక మీద అతడి మీద ఆధారపడలేని పరిస్థితి వచ్చింది. కేంబ్రిడ్జ్ నాటి స్నేహితుడు డేవిడ్ గిల్‌మోర్‌ను బృందంలో చేర్చుకున్నారు. 1968 జనవరి చివరలో ఒక కచేరీకి బయలుదేరుతూ దారిలో బారెట్‌ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో అతడు బృందంలో లేడని అధికారికంగా ప్రకటించారు. మన దగ్గర గిటార్ పట్టుకున్న కుర్రాళ్లలో చాలామంది ‘విష్ యూ వర్ హియర్’ తొలి స్వరాలతోనే వేళ్లు సాధన చేస్తారు. ఆ పేరుతో 1975లో వచ్చిన ఆల్బమ్‌లోని దీర్ఘమైన పాట ఈ బారెట్‌ను తలుచుకొని రాసినదేనని తెలిసినవారు మాత్రం తక్కువ. అతడి సొంత రికార్డు విన్నవారు మరీ తక్కువ.

ఈ ఆల్బమ్ తయారైన తీరే దీని అతుకుల స్వరూపానికి కారణం. 1968 వేసవిలో, అప్పటి మేనేజర్ పీటర్ జెన్నర్ అతడిని రికార్డుల సంస్థ ఇఎంఐ వారి అబ్బే రోడ్ స్టూడియోకు తీసుకెళ్లి కొన్ని పాటలు రికార్డు చేయడానికి ప్రయత్నించాడు. పూర్తయిన పాట అని చెప్పదగినది దాదాపు ఏదీ తేలలేదు. ఇఎంఐ వారి కొత్త లేబుల్ హార్వెస్ట్ బాధ్యుడు మాల్కమ్ జోన్స్ 1969 ఏప్రిల్‌లో స్వయంగా నిర్మాతగా కూర్చొని పనిని చురుకుగా ముందుకు నడిపాడు. ఏప్రిల్ 17న ఒక్క రోజే రెండు పాటలకు డ్రమ్స్, బేస్‌తో సహా రూపం వచ్చింది. ఆ వేసవిలో మిగిలిన పాటలను పూర్తి చేసే బాధ్యతను గిల్‌మోర్, రోజర్ వాటర్స్ తీసుకున్నారు. అంటే అతడి స్థానంలో వచ్చినవాడూ, అతడిని వదిలి వెళ్లిన బృందానికి అప్పటికి సారథ్యం వహిస్తున్నవాడూ అన్నమాట. వారు అదే సమయంలో తమ సొంత ఆల్బమ్ ‘ఉమ్మగుమ్మ’ పనిలో తలమునకలై ఉన్నారు కనుక బారెట్‌కు కేటాయించగలిగినది కొద్ది రోజులు మాత్రమే. ఏడాదికి పైగా, మూడు జతల చేతుల మీదుగా తయారైన ఈ పదమూడు పాటలు 1970 జనవరి 3న విడుదలయ్యాయి. బ్రిటన్ ఆల్బమ్‌ల జాబితాలో నలభయ్యవ స్థానం దక్కింది.

ఇప్పుడు మొదటి రకం క్రమరాహిత్యం సంగతి చూద్దాం. రాక్ సంగీతంలో సాధారణంగా నాలుగు మాత్రల ఆవర్తం ముందుగా స్థిరపడి ఉంటుంది, మాటలు అందులో ఇమడాలి. బారెట్ పద్ధతి దీనికి తలకిందులు. అతడు రాసిన పాదంలో రెండు అక్షరాలు ఎక్కువైతే ఆవర్తమే రెండు మాత్రలు సాగుతుంది. మాట ముందుగా ముగిసిపోతే తరువాతి మాత్ర కోసం ఆగకుండా స్వరం మారిపోతుంది. మన పౌరాణిక నాటకాల్లో పద్యం పాడే నటుడు తన ఊపిరిని బట్టి, భావాన్ని బట్టి పాదాన్ని ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ విరుస్తాడో ముందుగా చెప్పడు. హార్మోనియం వాయించేవాడు అతడి నోటినే చూస్తూ వెంట నడుస్తాడు. ఆ సంప్రదాయం ఎరిగిన చెవికి బారెట్ పాటలో తాళం తప్పినట్లు అనిపించదు, తాళం గాయకుడి వెనుక నడుస్తున్నట్లు అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, నాటకంలో హార్మోనిస్టు ఎదురుగా కూర్చొని ఉంటాడు. బారెట్‌తో వాయించినవారిలో కొందరికి ఆ అవకాశం కూడా దక్కలేదు. ‘నో గుడ్ ట్రైయింగ్’, ‘లవ్ యూ’ పాటల్లో అతడి గొంతు, గిటార్ ముందే రికార్డు అయిపోయిన తరువాత, సాఫ్ట్ మెషీన్ బృందానికి చెందిన రాబర్ట్ వయట్, హ్యూ హాపర్, మైక్ రాట్లెజ్ వచ్చి ఆ టేపు వింటూ తమ వాద్యాలను దానిపైన చేర్చారు. పాట ఏ శ్రుతిలో ఉందని అడిగితే బారెట్ “అవును” అని సమాధానం చెప్పేవాడని వయట్ తరువాత గుర్తుచేసుకున్నాడు.

ఆ పరిస్థితి ‘నో గుడ్ ట్రైయింగ్’లో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. గిటార్ దెబ్బ పడిన క్షణం తరువాత డ్రమ్ దాన్ని అందుకోవడం, ఆర్గాన్ ఒక స్వరం మీద నిలబడి తరువాతి మలుపు ఎటో తేల్చుకోవడానికి ఎదురుచూడటం, బేస్ ఊహించి ముందుకు అడుగు వేసి మళ్లీ వెనక్కి తగ్గడం హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వింటే ఒక్కొక్కటిగా పట్టుకోవచ్చు. దాక్కోవడానికి ప్రయత్నించి లాభం లేదని ఎవరినో హెచ్చరించే ఆ పాటకు ఈ వెంబడింపు చక్కగా అమరింది. ‘లవ్ యూ’లో ఇదే పద్ధతి హాస్యంగా మారుతుంది. ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా దొర్లిపోయే మాటల వెనుక పియానో పరుగెత్తుతూ ఉంటే, పాత ఇంగ్లిష్ మ్యూజిక్ హాల్ పాటల చిలిపితనం కనిపిస్తుంది. ఇటువంటి పాట విన్న తరువాత కూడా ఈ ఆల్బమ్ మొత్తాన్ని విషాదగీతాల సంపుటిగా వర్ణించేవారికి నవ్వు వినిపించలేదని అనుకోవాలి. పేరులోనే నవ్వు ఉన్నా వినిపించలేదంటే వింతే.

ఆల్బమ్‌ను ఆరంభించే ‘టెరాపిన్’ అయిదు నిమిషాల నెమ్మదైన ప్రేమపాట. బృందానికి బ్లూస్ గాయకుల పేర్లు ఎందుకు పెట్టాడో ఇక్కడ అర్థమవుతుంది. అకూస్టిక్ గిటార్ మీద బద్ధకంగా సాగే ఒకే తరహా మీటు, దానిపైన పొదుపుగా వాడిన ఎలక్ట్రిక్ గిటార్, ప్రేమను ప్రకటిస్తూ కూడా ఏ ఆవేశమూ చూపని గొంతు కలిసి వినేవారిని నీటి అడుగుకు దింపుతాయి. పింక్ ఫ్లాయిడ్ వేదిక మీద అతడు ఎకో యంత్రంతో, లైటర్‌ను తీగల మీద జార్చి చేసిన శబ్ద ప్రయోగాలను ఆశించి వచ్చినవారికి ఈ పాట నిరాశ కలిగించవచ్చు. ఇక్కడ సైకెడెలిక్ గుణం శబ్దపు హంగులో లేదు, భావం నుంచి భావానికి గెంతే తీరులో ఉంది. ‘నో మ్యాన్స్ ల్యాండ్’ మాత్రం గరుకైన ఎలక్ట్రిక్ గిటార్‌తో పాత బారెట్‌ను కాస్త గుర్తుచేస్తుంది. చివరలో మాటలు గొణుగుడుగా మారి వాద్యాల కింద కలిసిపోతాయి. బాగుంది, కానీ ఒకసారి వింటే చాలు.

‘డార్క్ గ్లోబ్’ మీద ఎక్కువసేపు ఆగాలి. రెండు నిమిషాల పాట, ఒక గొంతు, ఒక అకూస్టిక్ గిటార్, మరేమీ లేవు. మొదటి పాదాలను అతడు దాదాపు సంభాషణ స్థాయిలో ఎత్తుకుంటాడు. పాదం పాదానికీ గొంతు పైకి ఎక్కుతూ, తన స్థాయికి అందని చోటికి చేరుకుంటుంది. తాను లేకపోతే వెలితిగా ఉండదా అని అడిగే పల్లవి దగ్గరికి వచ్చేసరికి అది పాడటం, అరవడం అనే రెండింటి మధ్య గీత మీద నిలబడి ఉంటుంది. గమనించవలసినది ఏమిటంటే, ఆ క్షణంలో గిటార్ చేతికి ఏ తడబాటూ లేదు. గొంతు ఎంత చిరిగినా కుడిచేయి పాటను వదలదు. అదుపు కోల్పోయిన మనిషి ఇలా వాయించలేడు. ఆ ఎత్తుకు గొంతును తీసుకెళ్లి అక్కడ పగలనివ్వడం రచనలో ఉన్న నిర్ణయమేనని నేను నమ్ముతున్నాను. ఎదురుగా నిర్మాతల గదిలో కూర్చొని వింటున్నది పాత సహచరులు కావడం ఆ ప్రశ్నకు అదనపు బరువు ఇస్తుంది.

ఎల్‌పీ రికార్డు మొదటి వైపు చివరి పాట ‘హియర్ ఐ గో’ను విమర్శకులు తేలికగా దాటేస్తారు. ఒక అమ్మాయి ఇతడి పాట నచ్చలేదంటుంది, నీకంటే పెద్ద బ్యాండ్ ఎంతో నయమంటుంది. ఇతడు ఆమె ఇంటికి వెళ్తే ఆమె చెల్లెలు తలుపు తీస్తుంది, కథ సుఖాంతమవుతుంది. పెద్ద బృందం నుంచి వెలివేతకు గురైన ఏడాదికి, ఆ సంగతిని ఇంత తేలికైన ఈలపాటగా మార్చి పాడగలిగినవాడికి తన పరిస్థితి తెలియదని ఎలా అనగలం? ప్రాసలు శుభ్రంగా పడ్డాయి, డ్రమ్స్ వాయించిన జెర్రీ షర్లీ, బేస్ వాయించిన విల్లీ విల్సన్ పాటకు సరైన నడక ఇచ్చారు. జోన్స్ ఆధ్వర్యంలో ఏప్రిల్ 17న పూర్తయిన రెండు పాటల్లో ఇది ఒకటి.

రెండవ వైపు ‘ఆక్టోపస్’తో మొదలవుతుంది. 1969 నవంబరులో సింగిల్‌గా కూడా వచ్చిన ఈ పాట జాబితాల్లో కనిపించకుండానే పోయింది. తిరునాళ్లలో గిరగిర తిప్పే రంగులరాట్నం వంటి యంత్రాన్ని ఆధారంగా చేసుకొని, పిల్లల గేయాల పలుకుబడితో, ఒక ఊహ పూర్తికాకముందే మరొకటి అందుకుంటూ సాగుతుంది. ఆల్బమ్ పేరు ఇందులోని ఒక పాదం నుంచి తీసుకున్నదే. ఏడాది ముందు జెన్నర్ కాలంలో వేరే పేరుతో, బరువైన నడకతో మొదలైన పాట ఇది. ఇక్కడికి వచ్చేసరికి బరువంతా రాలిపోయి మాటలకు రెక్కలు వచ్చాయి. పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ ఇష్టపడినవారు మొదట వినవలసినది ఇదే.

తరువాతిది ‘గోల్డెన్ హెయిర్’. జేమ్స్ జాయిస్ 1907లో ప్రచురించిన ‘చేంబర్ మ్యూజిక్’ కవితాసంపుటిలోని అయిదవ గీతానికి బారెట్ కట్టిన బాణీ. కిటికీలో నుంచి వంగి చూడమని ప్రియురాలిని పిలిచే చిన్న కవిత అది. గొంతు దాదాపు ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ, జపంలాగా, ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. వెనుక డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లాల (సింబల్స్) మీద మెత్తని ఒరిపిడి, ఆర్గాన్ పలుచని పొర. మరొకరి మాటలు చేతికి వచ్చేసరికి బారెట్ ఎంత క్రమశిక్షణతో ఉంటాడో ఈ రెండు నిమిషాలు చూపిస్తాయి. ఆల్బమ్ మొత్తంలో అత్యంత పరిపూర్ణమైన ముక్క ఏదని అడిగితే తడుముకోకుండా దీని పేరే చెబుతాను.

అక్కడి నుంచి ఇబ్బంది మొదలవుతుంది. ‘లాంగ్ గాన్’ వరకు ఫరవాలేదు. కింది స్థాయిలో మొదలై పల్లవి దగ్గర రెండు గొంతులుగా విడిపోయి ఆర్గాన్ మీద తేలే ఆ పాటకు గంభీరమైన అందం ఉంది. దాని తరువాత వచ్చే ‘షీ టుక్ ఎ లాంగ్ కోల్డ్ లుక్’, ‘ఫీల్’, ‘ఇఫ్ ఇట్స్ ఇన్ యూ’ మూడూ జూలై చివరలో ఒకే విడతలో, గొంతు, గిటార్ తప్ప మరేమీ లేకుండా రికార్డు చేసినవి. మొదటి పాట మధ్యలో గిటార్ ఆగి కాగితం తిప్పిన చప్పుడు వినిపిస్తుంది. బారెట్ తరువాతి చరణం కోసం పుటలు వెతుక్కుంటున్నాడు. పాటల మధ్య అతడి మాటలు వినిపిస్తాయి. ‘ఇఫ్ ఇట్స్ ఇన్ యూ’ ఆరంభంలో ఎత్తుకున్న స్వరం అందక గొంతు విరిగిపోతుంది, ఆగుతాడు, మళ్లీ మొదలుపెడతానని నిర్మాతలకు సంజాయిషీ చెప్పుకుంటాడు, మళ్లీ ఎత్తుకుంటాడు. ఇదంతా రికార్డులో యథాతథంగా ఉంది.

దీన్ని నిజాయితీ అని మెచ్చుకునేవారు ఉన్నారు, ఇరవై ముప్పై ఏళ్ల తరువాత ఇంట్లో కూర్చొని టేపు మీద పాడుకునే గాయకుల తరం వచ్చాక ఆ మెప్పు మరింత పెరిగింది. నాకు మాత్రం ఇది రెండవ రకం క్రమరాహిత్యానికి నిదర్శనంగానే కనిపిస్తుంది. ఏ గాయకుడైనా స్టూడియోలో విఫలమైన ఆరంభాలు చేస్తాడు, కత్తిరించి పారేయడానికే కత్తెర ఉంది. ‘డార్క్ గ్లోబ్’లో గొంతు పగలడం పాటలో భాగం, ఇక్కడ గొంతు విరగడం పాట బయట జరిగిన ప్రమాదం. ఈ తేడా గమనించకుండా రెండింటినీ వరుసలో పెట్టడం వల్ల, ఈ చివరి ముక్కలు వెనక్కి వెళ్లి మొదటి పాటల మీద కూడా అనుమానపు నీడ వేశాయి. ఆ టేపులు విన్నప్పుడు తనకు కోపం వచ్చిందని, ఇది అనవసరమూ నిర్దయా అని జోన్స్ ఈ రికార్డు తయారీ గురించి తాను రాసిన చిన్న పుస్తకంలో చెప్పాడు. గిల్‌మోర్, వాటర్స్‌కు దురుద్దేశం ఉందని నేను అనను. గడువు ముంచుకొస్తున్న రోజుల్లో, మరో టేక్ ఇవ్వగలడో లేడో తెలియని మనిషితో వారు చేయగలిగినది చేశారు, వారు పూనుకోకపోతే బహుశా ఆల్బమే లేదు. అయినా పాట చెడితే పాటను పక్కన పెట్టవచ్చు కదా, చెడిన తీరును అమ్మకానికి పెట్టనక్కరలేదు.

చివరి పాట ‘లేట్ నైట్’ ఆ చేదును చాలావరకు తీసేస్తుంది. దీని వాద్యభాగం 1968 మే నాటిది, గొంతు ఏడాది తరువాత చేర్చినది. లోహం తీగల మీద జారుతూ పలికే స్లైడ్ గిటార్, ఆ వెనుక రాత్రివేళ తన లోపల తాను ఒంటరిననీ, నిజమైనవాణ్ని కాననీ ఏ నాటకీయతా లేకుండా చెప్పుకునే గొంతు. జెన్నర్ దశ పూర్తిగా వృథా కాలేదనడానికి ఈ ఒక్క పాట చాలు.

అట్ట గురించి ఒక మాట చెప్పాలి. లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో బారెట్ ఉంటున్న ఫ్లాట్‌లో మిక్ రాక్ తీసిన ఫొటోలతో హిప్నోసిస్ సంస్థ దీన్ని రూపొందించింది. సామాను లేని గది, నేలమీది చెక్క పలకలకు చారలుగా వేసిన రంగులు, ముందు ఒక పూలకుండీ, దాని వెనుక గొంతుక్కూర్చొని కెమెరా వైపు చూస్తున్న మనిషి. ఆ చారలు వేసింది అతడే. బొమ్మలు వేసే చేతికి గది కూడా కాన్వాసే అయిందని చూడవచ్చు. ఎల్‌పీ పరిమాణంలో ఈ అట్ట చూడటానికీ, ఫోన్ తెర మీద వేలెడంత చతురస్రంగా చూడటానికీ పోలిక లేదు. కొనగలిగినవారు ఎల్‌పీ రూపంలోనే కొనుక్కోవడం మంచిది.

సీడీగా వెతికేవారు 1993లో వచ్చిన ప్రతిని ఎంచుకుంటే, పదమూడు పాటలకు తోడు ఆరు అదనపు టేక్‌లు లభిస్తాయి. ‘ఆక్టోపస్’, ‘నో గుడ్ ట్రైయింగ్’, ‘లవ్ యూ’, ‘గోల్డెన్ హెయిర్’ వంటివి వేరే టేక్‌లలో పక్కపక్కన విన్నప్పుడు, నేను పైన చెప్పిన సాగే ఆవర్తాలు ఒక టేక్ నుంచి మరో టేక్‌కు ఎలా మారుతున్నాయో, ఏవి మారకుండా ఉన్నాయో పరీక్షించుకోవచ్చు. కేవలం పాటలు కావాలనుకునేవారికి స్ట్రీమింగ్ సరిపోతుంది. అయితే వరుస కలిపేసి వినవద్దు. ఈ ఆల్బమ్‌కు రెండు వైపులు ఉన్నాయి, వాటి మధ్య విరామం అవసరం. 1970 నవంబరులో, గిల్‌మోర్, పింక్ ఫ్లాయిడ్ కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ నిర్మాతలుగా వచ్చిన రెండవ ఆల్బమ్ ‘బారెట్’ వాద్యసహకారంలో ఇంతకంటే పొందికగా ఉంటుంది, అందుకే కొత్తవారికి దాన్ని ముందు వినమని చెప్పేవారూ ఉన్నారు. నేను చెప్పను. అక్కడ వాద్యాలు గుండ్రంగా చెక్కిన అంచులు ఇక్కడ ఇంకా పదునుగా ఉన్నాయి, ఆ పదునే బారెట్.

ఒక్క పాట మాత్రం ఈ ఆల్బమ్ బయట వెతుక్కోవాలి. 1969 ఏప్రిల్‌లో జోన్స్‌తో రికార్డు చేసిన ‘ఓపెల్’ ఆరు నిమిషాలకు పైగా సాగే పాట. దూరతీరాన్ని వర్ణిస్తూ మొదలై, గిటార్ ఒక్కటే చాలాసేపు నడిచి, చివరికి నిన్ను వెతుకుతున్నానని మళ్లీ మళ్లీ అనడంతో ముగుస్తుంది. ఎందుకో దీన్ని పక్కన పెట్టారు. 1988లో అదే పేరుతో వచ్చిన సంకలనంలో గానీ అది వెలుగు చూడలేదు. రెండవ వైపున కాగితం తిప్పిన చప్పుడుకూ, విరిగిన ఆరంభానికీ ఇచ్చిన జాగాను ఈ పాటకు ఇచ్చి ఉండవలసింది. ఇప్పుడు ఆ పని శ్రోతే చేసుకోవచ్చు: ‘లాంగ్ గాన్’ ముగియగానే ‘ఓపెల్’ పెట్టుకొని, అది అయిపోయాక నేరుగా ‘లేట్ నైట్’కు వెళ్లండి.